మన చేతి విద్యలు - మన గ్రంథాలయములు

ఒక కుటుంబము తన ఊరు విడిచి పరదేశము చేరునపుడు వెంట తెచ్చుకొను సామాను స్వల్పము. రెండు జతల బట్టలు, ఒక చెంబు, ఇలవేలుపు పటము, దారిబత్తెము - ఇంతకు మించి మన పూర్వులు బొంబాయికి తెచ్చిన సొత్తు లేదు. కాని మూటలో కట్టుటకు వీలుకాని సొత్తు మరియొకటి వారివెంట వచ్చినది. అది వారి చేతులలోని విద్య. రాతిని ఏ వాటమున కొట్టిన చీలునో, సున్నమును ఎన్నాళ్లు నానవేయవలెనో, నూలునకు గంజి ఎంత పట్టించవలెనో, పురిటింట ఏ కషాయము కాచి ఈయవలెనో - ఇవి యన్నియు వారికి ఏ పుస్తకమును చూడకయే తెలియును. ఈ విద్యను నేడు పండితులు ‘దేశీయ విజ్ఞానము’ అనుచున్నారు. మన పెద్దలు దీనికి ఏ పేరును పెట్టలేదు. ‘పని వచ్చును’ అని మాత్రము చెప్పుకొనిరి.

ఈ విజ్ఞానమును ప్రజా గ్రంథాలయములలో, నేటి యంత్రసాధనముల సహాయమున, ఎట్లు నిలుపుకొనగలమని విచారించుటయే ఈ వ్యాసోద్దేశము. నేను పండితుడను కాను. మునిసిపల్ తెలుగు బడిలో అక్షరములు దిద్ది, మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ముప్పదియేండ్లకు పైబడి గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. కాగితములను భద్రపరచుటయే నా వృత్తి. కార్యాలయపు కాగితము ఒక్కటియు నా చేతిమీదుగా పోలేదు. ఇంటి కాగితమును మాత్రము నేనే పోగొట్టితిని. కావున ముందుగా నా తప్పును నేను చెప్పుకొనుట న్యాయము.

మా తాతగారు నల్లగొండ జిల్లానుండి వచ్చి పరేలులోని మిల్లునందు మగ్గము నడిపిరి. ఆయన వ్రాసికొన్న చిట్టాపుస్తకమొకటి మా ఖోలీలో దూలముక్రింది పెట్టెలో ఉండెడిది. తేలియా రుమాళ్ల నూలును ఆముదపుకాయల బూడిదలోను నూనెలోను ఎన్ని దినములు పిసికి ఎండవేయవలెనో, చిటికి కట్టుటకు పోగులు ఎట్లు లెక్కింపవలెనో అందు వ్రాసియుండెను. నడుమ నడుమ అప్పుల పద్దులు, బిడ్డలు పుట్టిన తిథులు, పసిబిడ్డల కడుపునొప్పికి చిట్కాలు. మేము చాళ్లు విడిచి దాదరునకు ఇల్లు మారిన దినమున నేను పాత వార్తాపత్రికలతోపాటు ఆ పుస్తకమును గూడ రద్దీవానికి తూచి ఇచ్చితిని. నెల గడచిన పిమ్మట నాయనగారు, “ఆ చిట్టా ఎక్కడ పెట్టినావురా?” అని అడిగిరి. నేను చెప్పలేకపోయితిని. ఆయన మరల అడుగలేదు. ఆ పుస్తకము పావు కిలో తూగదు. దానిలోని రెండు తరముల విద్యకు నాకు వచ్చినది కొన్ని పైసలు.

ఇట్టి కథ మనలో అనేకుల ఇండ్ల జరిగియుండును. కాబట్టియే ఈ విషయము వ్రాయబూనితిని.

కామాఠిపురమున మనవారు

బొంబాయిలో తెలుగువారి చరిత్రకు తొలి సాక్ష్యము ఒక పేటపేరు. కామాఠిపురము అను నామము నిజాము రాష్ట్రమునుండి వచ్చిన తెలుగు శ్రామికులగు కామాఠీలవలన కలిగినది. 18వ శతాబ్ది ద్వితీయార్ధమున గవర్నరు విలియం హార్న్‌బీ కాలమున వర్లీవద్ద సముద్రపు గండిని కట్టతో పూడ్చిరి. దానినే హార్న్‌బీ వెల్లార్డు అందురు. ఆ కట్టవలన లోపలి పల్లపు భూములు క్రమముగా ఆరి మనుష్యుల నివాసమునకు యోగ్యములైనవి. అట్టి భూములందే ఆ శతాబ్ది అంతమునుండి మనవారు గుడిసెలు వేసికొనిరి. నేటికిని కామాఠిపుర వీథులకు పేర్లకన్న అంకెలే ముఖ్యము. మొదటి గల్లీ, రెండవ గల్లీ అని లెక్క. ఆ పేటకు తరువాత వచ్చిన అపకీర్తి లోకమునకు తెలిసినది. దానిని పేరుగన్న కష్టజీవుల కథ మాత్రము లోకమునకు తెలియదు.

కామాఠీలు రాతిపని, మట్టిపని, సున్నపుపని చేసిరి. వారిలో కొందరు మేస్త్రీలైరి, గుత్తేదారులైరి. 1873లో పూనాయందు జ్యోతిరావు ఫూలే మహాశయుడు సత్యశోధక సమాజమును స్థాపించినపుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవారిలో తెలుగువారు ముఖ్యులు. వెంకు బాలాజీ కాళేవార్, జాయా కారాడి లింగు మొదలగువారి పేర్లు ఆ సమాజ చరిత్రయందు కనబడుచున్నవి. ఈ పేర్లను నేను మొదట చదివినది మరాఠీ పుస్తకములలో. మన పెద్దల పేర్లను మనము పొరుగువారి అలమారనుండి తెలిసికొనవలసి వచ్చినది.

పేర్లయినను దక్కినవి, విద్య దక్కలేదు. నాటి కట్టడములకు వాడినది గానుగసున్నము. సున్నపురాతిని కాల్చి, నీటితో విరిచి, నానవేసి, ఇసుకతో గానుగలోవేసి ఎద్దులచే త్రొక్కించి నూరెడివారు. బంకకొరకు కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపెడివారు. ఎంత నీటికి ఎంత కరక్కాయయో, నూరుట చాలినదని వ్రేళ్లతో ఎట్లు తెలిసికొనవలెనో మేస్త్రీకి తెలియును, అతని కుమారునకు తెలియును. సిమెంటు వచ్చిన తరువాత మనుమనికి తెలియవలసిన పని లేకపోయినది. నేడు పురాతన కట్టడములను బాగుచేయు ఇంజనీర్లు ఆ లెక్కలకొరకు వెదకుచున్నారు. పాత సున్నపుగోడపై సిమెంటు పూసినచో లోని చెమ్మ బయటికి పోజాలక గోడయే చెడునని వారు అనుభవమున గ్రహించిరి. కామాఠీలు కట్టిన గోడలు నిలిచియున్నవి. కట్టిన విధము చెప్పు కాగితము మన ఇండ్లలో లేదు.

మిల్లులు, చాళ్లు

బొంబాయిలో తొలి నూలుమిల్లు 1854లో ఏర్పడిన కంపెనీది. కావస్‌జీ దావర్ అను పారసీ వర్తకుడు దానికి మూలపురుషుడు. ఆ పిమ్మట పరేలు, వర్లీ, ప్రభాదేవి, నాయ్‌గావ్ ప్రాంతములంతయు మిల్లుల ఊరైనది. మరాఠీవారు దానిని గిరణ్‌గావ్ అనిరి. కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు జిల్లాలనుండి పద్మశాలీ సోదరులు వేలుగా ఇచ్చటికి చేరిరి. 1920వ దశకమున ప్రభుత్వము వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివడీలలో కట్టించిన బీ.డీ.డీ. చాళ్లలోను, ఇతర చాళ్లలోను వారు కాపురములు పెట్టిరి. ఒక్కొక్క ఖోలీలో పదిమంది. రాత్రిపాళీవారు లేచిన పరుపుపై పగటిపాళీవారు పరుండెడివారు.

ఊరిలో చేనేత తెలిసినవారే ఇక్కడ యంత్రపు మగ్గమునెక్కిరి. పడుగు, పేక, కండె, నాడె అను మాటలు వారితోడనే వచ్చినవి. ఇచ్చట ఖాతా, బదిలీ, సాంచా అను మాటలు వానితో కలిసినవి. సిరిసిల్లలో మరమగ్గములను నేటికిని సాంచెలు అందురు. ఈ మాట బొంబాయి, భివండీల వైపునుండి మన నేతవారి నోట సిరిసిల్లకు చేరినట్లు నాకు తోచును. ఒక్క మాట వెనుక ఇంత రాకపోకల చరిత్ర యున్నది. ఇట్టి మాటల పట్టికయైనను మనము వ్రాసి యుంచుకొనలేదు.

పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, భావనాఋషి కథను పాడి వినిపించు కూనపులివారు తెలంగాణమున కలరు. వారు చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాసిన పొడవైన పటమును విప్పుచు, బొమ్మ వెంట బొమ్మ చూపుచు కథ చెప్పుదురు. నేత ఎట్లు పుట్టినది, నూలు ఎట్లు వచ్చినది, ఏ గోత్రము ఎవరిది - ఇదియంతయు ఆ కథలో ఉండును. అక్షరము రాని నేతగానికి ఆ పటమే గ్రంథము, ఆ గాయకుడే గ్రంథాలయము. బాల్యమున ఊరిలో ఆ కథ విన్నవారు మన చాళ్లలో ఎనుబదియేండ్లు దాటి యున్నారు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున మిల్లుల సమ్మె మొదలయ్యెను. సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు పని మానిరి. సమ్మె ముగిసినదని ఎవరును చెప్పలేదు, మిల్లులే ముగిసినవి. మనవారు కొందరు భివండీకి, కొందరు షోలాపురమునకు పోయిరి. కొందరు ఊళ్లకు మరలిరి. మిగిలినవారి బిడ్డలు కార్యాలయములలోను, దుకాణములలోను చేరిరి. ఇప్పుడు చాళ్లను పడగొట్టి ఎత్తయిన మేడలు కట్టుచున్నారు. వర్లీ బీ.డీ.డీ. చాళ్లవారిలో కొందరికి 2025లో క్రొత్త ఇండ్ల తాళపుచెవులు చేతికి వచ్చినవి. ఇది సంతోషమే. కాని ఇల్లు మారు దినమే రద్దీవాడు వచ్చు దినము. నావంటి తప్పు చేయుటకు నేడు వేలకొలది ఇండ్లకు అవకాశము కలుగుచున్నది.

బొంబాయిలో పుట్టిన మన పత్రిక

మన విద్యను అచ్చులోనికి ఎక్కింపవలెనను బుద్ధి ఈ నగరమున మనవారికి లేకపోలేదు. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో ఇచ్చటనే అమృతాంజనమును స్థాపించిరి. తలనొప్పికి పూత పూయుట మన ఇండ్లలో క్రొత్త కాదు. దానిని ఒక పాళముగా నిలిపి, సీసాలో నింపి, దేశమంతట పంపుట క్రొత్త. ఆ ఆదాయముతో పంతులుగారు 1908లో ఈ బొంబాయినుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. 1914లో అది మదరాసునకు పోయి దినపత్రికయైనది. 1924లో భారతి పుట్టినది. ఇంటి వైద్యము వ్యాపారమై, వ్యాపారము పత్రికయై, పత్రిక సారస్వతమైన వరుస ఇది. బొంబాయి తెలుగువారమగు మనము దీనిని గర్వముతో స్మరింపవలెను.

గ్రంథాలయోద్యమము

ఆంధ్రదేశమున గ్రంథాలయములను సర్కారు మొదట పెట్టలేదు. ప్రజలు పెట్టిరి. 1886లో విశాఖపట్టణమున మంటిన ఆదినారాయణమూర్తిగారు సరస్వతీ నిలయమును స్థాపించిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. దానికి కారకులైన కొమర్రాజు లక్ష్మణరావుగారు నాగపూరున చదివి, మరాఠీలో వ్యాసములు వ్రాసినవారు. పొరుగు భాష నేర్చి సొంత భాషకు మేలుచేయుట యెట్లో మనవంటివారికి చూపినవారు. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము ఏర్పడెను. 1914లో బెజవాడలో అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టి ఉద్యమమునకు ఒక రూపు వచ్చినది.

ఇందు రెండు సంగతులు మనము ముఖ్యముగా గమనింపవలెను. చీరాలకు సమీపమున వేటపాలెము నేతవారి ఊరు. అచ్చట 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతనము నేడు పాత పత్రికల సంపుటములకు దేశప్రసిద్ధము. 1929లో ఆ భవనమునకు మహాత్మాగాంధీ శంకుస్థాపన చేసిరి. మగ్గముల నడుమ ఇట్టి గ్రంథాలయము నిలుచుట మనకు పాఠము. రెండవది పడవ గ్రంథాలయము. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవలో పెట్టి గుంటూరు జిల్లా కాలువ వెంబడి ఊరూరికి పంపిరి. పాఠకుడు గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే పాఠకునివద్దకు పోయినది. నాటికి కాలువయే దారి, పడవయే సాధనము. నేటి సాధనము వేరు, ధర్మము అదియే.

మరాఠీ సోదరులును ఇట్లే చేసిరి. మన దాదరులోనున్న ముంబయి మరాఠీ గ్రంథసంగ్రహాలయము 1898లో స్థాపితము. దానిముందుగా నడచిపోవునపుడెల్ల, పరాయి ఊరిలో మనకు ఇట్టిది ఏదియని నేను చింతించుట కద్దు.

పూర్వము గ్రంథములు దక్కిన విధము

నకలు తీయుటవలననే గ్రంథము బ్రతుకును. తాటియాకు రెండు మూడు వందల యేండ్లకు పురుగులపాలగును. కాబట్టి ప్రతి కొన్ని తరములకు ఒకసారి మరల వ్రాయించెడివారు. వ్రాయించుట మానినచోట గ్రంథము నశించినది.

కర్నల్ కాలిన్ మెకంజీ సర్వే ఉద్యోగిగా తిరుగుచు గ్రామకరణముల కైఫీయతులను, శాసనములను సేకరించెను. అతనికి కన్నులు, నోరు అయినవాడు ఏలూరి తెలుగువాడు కావలి వెంకట బొర్రయ్య. 1803లో బొర్రయ్య అకాలమరణము పొందగా అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించెను. తరువాత చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కడపలో సొంత జీతమిచ్చి లేఖకులను పెట్టుకొని తెలుగు కావ్యములకు శుద్ధప్రతులు వ్రాయించెను. 1852లో అతని తెలుగు నిఘంటువు వెలువడినది. ఈ ఇరువురి సేకరణలలో పెక్కు భాగము మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున నిలిచినది.

మన దేవస్థానమునందలి ఉదాహరణము ఇంకను పెద్దది. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములో సంకీర్తన భాండారమున భద్రపరచిరి. అవి నాలుగు వందల యేండ్లు లోకమునకు మరుగున ఉండి 20వ శతాబ్ది తొలిభాగమున మరల వెలుగుచూచెను. పిమ్మట వేటూరి ప్రభాకరశాస్త్రిగారివంటి పండితులు వానిని పరిష్కరించిరి. రాగిరేకు వాడుటచే పాటలు పోలేదు. కాని వినువారు లేక నాలుగు శతాబ్దులు మూగపడినవి. భద్రపరచుట ఒకటి, అందుబాటున ఉంచుట మరియొకటి. పెట్టెలో దాచినది సగము పనియే. ప్రజా గ్రంథాలయము రెండవ సగము.

పసుపు వ్యాజ్యము

‘పాత చిట్కాలు వ్రాసి ఏమి ప్రయోజనము?’ అని అడుగువారికి పసుపు కథ చెప్పవలెను. గాయమునకు పసుపు అద్దుట మన అవ్వలందరికి తెలియును. 1995లో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమువారు గాయములు మాన్పుటకు పసుపు వాడుకపై పేటెంటు పొందిరి. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి దానిపై అభ్యంతరము తెలిపి, పాత గ్రంథములను, అచ్చయిన వ్యాసములను సాక్ష్యముగా పెట్టెను. 1997లో ఆ పేటెంటు రద్దయినది. ఐరోపాలో వేపనూనెపై 1994లో ఇచ్చిన పేటెంటుకూడ దీర్ఘవివాదము తరువాత 2005లో పూర్తిగా తొలగినది.

ఇందు గుమాస్తాకు తెలియు సూక్ష్మమొకటి కలదు. పేటెంటు పరీక్షకుడు అవ్వ మాటను సాక్ష్యముగా తీసికొనడు. తేదీగల కాగితము కావలెను. పసుపునకు కాగితము దొరకినది, వ్యాజ్యము గెలిచినది. కాగితము లేని విద్యకు ఆ రక్షణ కష్టము. అందుచేతనే భారతప్రభుత్వము 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయమును ఆరంభించి, ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథములలోని యోగములను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, జపాను భాషలలోనికి మార్పించి, పరదేశముల పేటెంటు కార్యాలయములకు అందించుచున్నది. కాని అందు చేరినవి ముఖ్యముగా గ్రంథస్థమైన శాస్త్రములు. మేస్త్రీ సున్నపు లెక్క, నేతగాని నూనె లెక్క అట్టి గ్రంథములలో ఉండవు. అవి మన ఇండ్లనుండియే రావలెను.

నేటి సాధనములు - వాని గుణదోషములు

నేడు చేతిలోని ఫోనే లేఖకుడు, ఫోనే చిత్రకారుడు. బ్రౌను దొర జీతమిచ్చి సంవత్సరములు చేయించిన నకలును స్కానరు గంటలలో తీయును. అంగుళమునకు 300 చుక్కల చొప్పున తీసిన బొమ్మ సాధారణ పుస్తకమునకు చాలును. తాటియాకునకు, వెలిసిన సిరాకు 600 మేలు. కాని బొమ్మలోని మాటలను యంత్రము వెదకి ఈయలేదు. అందుకు బొమ్మను అక్షరములుగా మార్పవలెను. తెలుగు అక్షరములను చదువు యంత్రములు నేడు కలవు. అయినను ప, ష, వ, మ - ఇట్టి అక్షరములవద్ద, ఒత్తులవద్ద తప్పులు పడును. మనుష్యుడు కూర్చుండి దిద్దవలసినదే. తెలుగు చదువగల మన వృద్ధులకు ఇది తగిన పని.

అక్షరసంకేతముల విషయమున ఒక హెచ్చరిక. 1991లో వెలువడిన యూనికోడ్‌లో తెలుగునకు స్థానము దొరకినది. అయినను చాలకాలము అచ్చుకూటములు తమ తమ సొంత అక్షరరూపములలోనే కూర్చెడివి. ఆనాటి డిస్కులు నేడు తెరచినచో తెలుగునకు మారుగా పిచ్చిగీతలు కనబడును. కాగితముమీది పాత సంచిక చదువ వీలగుచున్నది. కంప్యూటరులోని దాని మూలప్రతి చదువ వీలుకాదు. క్రొత్తదియెల్ల చిరకాలముండునను భ్రమ వలదు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కథయును ఇట్టిదే. చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారము పొందిన రాజ్ రెడ్డిగారి సంకల్పముతో పదిలక్షల పుస్తకముల పథకము నడచినది. దానిలో భాగముగా వేలకొలది తెలుగు పుస్తకములు స్కాను చేయబడినవి. దాదరు ఇంటిలో కూర్చుండి వేటపాలెమునందలి పుస్తకమువంటిది చదువగల భాగ్యము మాబోటివారికి అపుడు కలిగినది. కాని కొన్ని సంవత్సరముల పిమ్మట ఆ తావు ఇంటర్నెట్టున తెరచుకొనుట మానినది. అందలి పుస్తకములలో పెక్కింటిని కొందరు ముందే ఇంటర్నెట్ ఆర్కైవునకు చేర్చియుంచుటచే అవి దక్కినవి. తాటియాకు ధర్మమే ఇక్కడను వర్తించుచున్నది. ఒకేచోటనున్న ప్రతి ఎంత గొప్ప యంత్రములో ఉన్నను ఒంటరి ప్రతియే.

ఈ నగరమునను మంచి ఉదాహరణములు లేకపోలేదు. 1804లో మొదలైన ఏషియాటిక్ సొసైటీ తన పురాతన గ్రంథములను గ్రంథ సంజీవని పేరున డిజిటల్ రూపమునకు తెచ్చినది. టౌన్‌హాలునందలి కేంద్ర గ్రంథాలయము విషయమున మనలో చాలమందికి తెలియని సంగతి యొకటి కలదు. 1954నాటి పుస్తకముల అప్పగింత చట్టము ప్రకారము దేశమున ఏ భాషలో అచ్చయిన పుస్తకమైనను నాలుగు గ్రంథాలయములకు చేరవలెను. ఆ నాలుగింటిలో ముంబయి కేంద్ర గ్రంథాలయమొకటి. అనగా తెలుగు పుస్తకమునకు ఈ నగరమున చట్టసమ్మతమైన ఇల్లు కలదు. మనము అచ్చువేయు సంచికలను అచ్చటికి పంపుట మన విధి. పోయి అడిగి చదువుట మన హక్కు.

స్కాను చేసితిమిగదాయని మూలప్రతిని పారవేయుట మహాదోషము. ఒక సంస్థ - పేరు చెప్పను - భవనము మరమ్మతు చేయించుకొనుచు, ‘అన్నియు కంప్యూటరులో దొరకును’ అని రెండు బీరువాల తెలుగు పుస్తకములను తూకమునకు అమ్మినది. నేను పోవునప్పటికి ఖాళీ బీరువాలు మిగిలినవి. అందు అచ్చయిన పుస్తకములు మరియొకచోట దొరకవచ్చును. వాని అంచులలో చాళ్ల పాఠకులు పెన్సిలుతో వ్రాసిన మాటలు ఎచ్చటను దొరకవు.

దాదరులో మనము చేయదగిన పని

మన పిల్లలు తెలుగు మాటలాడుదురు, చదువలేరు. మునిసిపల్ తెలుగు బడులు పలుచబడినవి. కావున పదియేండ్ల తరువాత ఇంటిలో చిట్టాపుస్తకము దొరకినను అది ఏమో చెప్పువారుండరు. వ్రాసినవారి అక్షరమును గుర్తింపగలవారు ఉండగనే పని జరుగవలెను. దీనికి పెద్ద ధనము అక్కరలేదు. సంఘభవనమున ఒక బల్ల, ఒక స్కానరు, ఆదివారము రెండు గంటలు వచ్చు నలుగురు మనుష్యులు చాలును.

నా వృత్తిననుసరించి నేను చెప్పదగినది రిజిస్టరు విషయము. కార్యాలయమున ఇన్వర్డు అంకె లేని కాగితము ఉన్నను లేనట్లే. అట్లే వేయి బొమ్మలు తీసి పేరులేకుండ ఉంచిన అది చెత్తకుప్పయగును. ప్రతి వస్తువునకు ఒక అంకె వేయవలెను. ఎవరిది, ఏ ఊరినుండి వచ్చినవారు, ఏ సంవత్సరపుది, ఏ పనిని గూర్చినది, ఎవరు ఇచ్చిరి - ఈ ఐదు గడులు తప్పక నింపవలెను. శీర్షికను తెలుగుతోపాటు మరాఠీ, ఇంగ్లీషులలోను వ్రాయవలెను. మన మనుమలు వెదకునది ఆ భాషలలోనే. నకళ్లు మూడుండవలెను: ఒకటి సంఘమున, ఒకటి ప్రజా గ్రంథాలయమున, ఒకటి ఈ నగరమునకు వెలుపల. మూలపుస్తకము ఇంటివారిది, వారికే మరల ఈయవలెను.

వ్రాత లేని విద్యకొరకు పెద్దలవద్దకు పోయి వారి మాటను రికార్డు చేయవలెను. వట్టి మాట చాలదు. గంజి పట్టించు చేతులను చిత్రము తీయవలెను. తల్లులవద్ద పాటలు, పురిటి పత్యములు, పచ్చళ్ల పాళములు కలవు, వారిని మరువరాదు. వారి అనుమతి అడుగుట ముఖ్యము. కొన్ని విద్యలు ఒక కుటుంబపు జీవనాధారము. కొన్ని మందులు తెలియనివారు వాడిన ప్రమాదము. అట్టివానిని భద్రపరచవచ్చును గాని ఇంటివారు ఒప్పుకొనక బహిరంగము చేయరాదు. 2002నాటి జీవవైవిధ్య చట్టముకూడ ఇట్టి విజ్ఞానముపై ప్రజలకు హక్కు కలదని గుర్తించినది. అచ్చయిన పుస్తకముల విషయమున రచయిత మరణించిన 60 సంవత్సరములవరకు హక్కుదారుల అనుమతి అవసరము. ఆ పిమ్మట అవి అందరివి.

ఇట్టి సేకరణవలన విద్య మరల బ్రతుకునాయని సందేహించువారు కలరు. ఎల్లప్పుడు బ్రతుకదు. కాని తేలియా రుమాలు చూడుడు. ఒకప్పుడు చీరాలనుండి అరబ్బు దేశములకు పోయిన ఆ బట్ట దాదాపు మరుగుపడి, కొందరు నేతవారి పట్టుదలచే పుట్టపాకలో నిలిచి, 2020లో భౌగోళిక గుర్తింపు పొందినది. తెలిసినవారు ఒకరిద్దరైనను మిగిలియుండుటచే అది సాధ్యమైనది. మా తాతగారి చిట్టాలోని లెక్క వారి లెక్కతో సరిపోలునో, వేరో - ఇక తెలిసికొను దారి లేదు.

ఈ సంచిక చదువు ప్రతి గృహస్థునకు నా మనవి ఒక్కటే. ఈ ఆదివారము అటకమీది పెట్టె దింపి చూడుడు. చిట్టాయో, జాతకమో, పాటల పుస్తకమో, మిల్లు హాజరు కార్డో దొరకినచో పారవేయకుడు. ఇంటిలోని పెద్దవారిని పిలిచి, “ఇది ఎవరి చేవ్రాలు?” అని అడుగుడు. వారు చెప్పినది దాని వెనుక పెన్సిలుతో వ్రాయుడు. పిమ్మట సంఘమునకు కొనిరండు. రిజిస్టరు వ్రాయుటకు నేను సిద్ధముగా ఉన్నాను. మొదటి అంకె మా ఇంటి చిట్టాకు వేయవలసినది. అది లేదు కావున మీ ఇంటి పుస్తకమునకు వేసెదను.